ఛాంపియన్లు మిగలని లీగ్

లాత్వియా రాజధాని రీగాకు ఈశాన్యంగా వంద కిలోమీటర్ల దూరంలో, గౌయా నది ఒడ్డున వాల్మియెరా అనే చిన్న పట్టణం ఉంది. జనాభా పాతిక వేలకు అటూఇటూ. 2022లో ఆ దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ వీర్స్‌లీగాను గెలిచింది ఈ ఊరి జట్టే. 10 జట్లు, జట్టుకు 36 మ్యాచ్‌లు, మార్చి నుంచి నవంబరు దాకా సాగే పోరు. అంత పొడవాటి సీజన్‌లో గాలివాటు గెలుపులతో నెట్టుకురావడం కుదరదు. రాజధానికి చెందిన రెండు బలమైన క్లబ్బులు, రీగా ఎఫ్‌సీ, ఆర్‌ఎఫ్‌ఎస్, దాని వెనకే ఆగిపోయాయి. వాల్మియెరాకు అది మొట్టమొదటి టైటిల్. ఆ తర్వాత రెండు సీజన్లు గడిచాయి. 2025లో కొత్త లీగ్ మొదలయ్యేసరికి జట్ల జాబితాలో వాల్మియెరా పేరు లేదు. ఆటలో ఓడి కింది అంచెకు దిగిపోయిందా అంటే అదీ కాదు. డబ్బు ఇబ్బందుల్లో పడిన ఆ క్లబ్బుకు పై లీగ్‌లో ఆడే లైసెన్స్ దక్కలేదు.

ఒక్క ఊరి కథే అయితే దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. కానీ 1991 నుంచి లాత్వియా టైటిల్ గెలిచిన క్లబ్బులన్నిటినీ వరసగా రాసి చూస్తే తొమ్మిది పేర్లు వస్తాయి. స్కోంటో, లియెపాయాస్ మెటలుర్గ్స్, వెంట్‌స్పిల్స్, దౌగవ్‌పిల్స్ పట్టణానికి చెందిన దౌగవా, ఎఫ్‌కే లియెపాయా, యూర్మలా స్పార్టాక్స్, రీగా ఎఫ్‌సీ, ఆర్‌ఎఫ్‌ఎస్, వాల్మియెరా. ఈ తొమ్మిదిలో 2025 సీజన్ పై లీగ్‌లో ఆడినవి మూడే: లియెపాయా, రీగా, ఆర్‌ఎఫ్‌ఎస్. మిగతా ఆరింటిలో కొన్ని దివాలా తీశాయి, కొన్ని నిషేధానికి గురయ్యాయి, కొన్ని లైసెన్స్ పోగొట్టుకున్నాయి. ఛాంపియన్‌షిప్ గెలవడమంటే ఏ క్లబ్బుకైనా కాళ్లకింద నేల గట్టిపడటం. లాత్వియాలో అది జరగడం లేదు. దీనికి పేదరికం, దేశం చిన్నది కావడం, చలి అని రకరకాల కారణాలు చెబుతుంటారు. నా దృష్టిలో అసలు కారణం వేరు. అక్కడ టైటిల్‌కు తీసుకెళ్లే దారే క్లబ్బును కూల్చే దారి కూడా. ఒకే చేతి నుంచి వచ్చే డబ్బుతో జట్టు వేగంగా పైకి వస్తుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకున్న రోజున పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు.

ముందు ఈ లీగ్ ఎలా నడుస్తుందో చూద్దాం. బాల్టిక్ తీరంలో మార్చిలో కూడా మంచు పూర్తిగా పోదు. అందుకే యూరప్‌లోని పెద్ద లీగ్‌లు వేసవి చివర్లో మొదలై మరుసటి వసంతంలో ముగుస్తుంటే, లాత్వియాలో వసంతంలో మొదలుపెట్టి చలి ముదరకముందే ముగించేస్తారు. తొలి వారాల మ్యాచ్‌లు ఎక్కువగా కృత్రిమ గడ్డి మీదే. ఉన్నవి 10 జట్లే కాబట్టి ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో నాలుగేసి సార్లు ఆడాలి. ఒకే ఏడాదిలో అదే ప్రత్యర్థిని నాలుగోసారి చూడటానికి టికెట్ కొని వచ్చేవాడు గట్టి అభిమానే అయ్యుండాలి. చాలా మ్యాచ్‌లకు వచ్చే జనం వందల్లోనే ఉంటారు. టికెట్ల ఆదాయంతో పోలీసు బందోబస్తు, మైదానం అద్దె, బస్సు ఖర్చులు తీరితే గొప్పే. టీవీ హక్కులకు చెప్పుకోదగ్గ ధర పలకదు. 2022లో లీగ్ పేరు ముందు తగిలించుకున్నది ఆప్టిబెట్ అనే బెట్టింగ్ కంపెనీ పేరు. మరి ఆటగాళ్ల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? యజమాని జేబు, మునిసిపాలిటీ చేసే సాయం, కుర్రాళ్లను బయటి దేశాల క్లబ్బులకు అమ్మగా వచ్చేది, యూరప్ పోటీల్లో గెలిస్తే దక్కేది. ఈ నాలుగింటిలో ఏడాది పొడవునా నమ్ముకోదగింది మొదటిదొక్కటే. అదీ యజమాని మనసు మారనంత కాలమే.

వాల్మియెరా విషయంలో ఇది మరీ విచిత్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఊరికి ఆటలు కొత్త కాదు. క్లబ్బు ఆడిన మైదానానికి యానిస్ దాలిన్ష్ పేరు పెట్టుకున్నారు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల నడక పందెంలో రజతం సాధించి, లాత్వియాకు మొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన మనిషి ఆయన. 2008, 2012 ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ సైకిల్ పందెం స్వర్ణాలు గెలిచిన మారిస్ ష్ట్రోంబెర్గ్స్‌దీ ఈ ఊరే. క్లబ్బు పై లీగ్‌కు ఎదిగిన తొలి ఏళ్లలో దాని పేరులోనే ఊరి గాజునార కర్మాగారం, ప్రాంతీయ విశ్వవిద్యాలయం కనిపించేవి. వాల్మియెరా గ్లాస్ వియా అని రాసేవారు. తర్వాత ఆ తోకలు తీసేసి వట్టి వాల్మియెరా ఎఫ్‌సీ అన్నారు. యుర్గిస్ కల్న్స్ శిక్షణలో, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల నుంచి తెచ్చుకున్న కుర్రాళ్లనూ స్థానికులనూ కలిపి కట్టిన ఆ జట్టు చూడ్డానికి ముచ్చటగా ఉండేది. దాడిలో ముందుండే రైమండ్స్ క్రొల్లిస్ ఆ సీజన్‌లో 24 గోల్స్ కొట్టాడు. 2023 జనవరికల్లా ఇటలీలోని స్పెజియా క్లబ్బు అతన్ని తీసుకుపోయింది. ఇది తప్పేం కాదు, చిన్న క్లబ్బు బతికేదే అలా. కానీ దేశపు ఛాంపియన్‌గా వాల్మియెరా ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీలో ఆడాల్సింది జులైలో. అంటే జట్టును ఆ మెట్టు దాకా ఎక్కించిన గోల్స్ వీరుడు, ఆ మెట్టు మీద అడుగుపెట్టే నాటికి జట్టులో లేడు. స్లొవేనియాకు చెందిన ఒలింపియా చేతిలో వాల్మియెరా తొలి రౌండ్‌లోనే ఓడిపోయింది.

ఆ ఓటమి విలువ ఎంతో తెలియాలంటే పక్కనే ఉన్న ఇంకో క్లబ్బును చూడాలి. 2022 వేసవిలో ఆర్‌ఎఫ్‌ఎస్, యూరప్‌లో మూడో అంచె పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ ఆఖరి అర్హత రౌండ్‌లో ఉత్తర ఐర్లాండ్ క్లబ్బు లిన్‌ఫీల్డ్‌తో తలపడింది. రెండు మ్యాచ్‌లూ తేలలేదు, పెనాల్టీ షూటౌట్‌లో ఆర్‌ఎఫ్‌ఎస్ గెలిచింది. దాంతో గ్రూప్ దశలో చోటు దొరికింది. ఆ దశకు చేరిన ప్రతి క్లబ్బుకూ, ఒక్క పాయింట్ రాకపోయినా సరే, యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఏఫా ఇచ్చిన మొత్తం 29.4 లక్షల యూరోలు. మన లెక్కలో 20 కోట్ల రూపాయలకు పైనే. వందల మంది ప్రేక్షకులతో నడిచే లీగ్‌లో అది ఎంత పెద్ద మొత్తమో వేరే చెప్పక్కర్లేదు. నాలుగైదు పెనాల్టీ తన్నులు ఒక క్లబ్బు జాతకాన్ని రాశాయి. ఆర్‌ఎఫ్‌ఎస్ ఆ గ్రూప్‌లో ఫ్లోరెన్స్‌కు వెళ్లి ఫియొరెంటినాతో 1-1తో డ్రా చేసుకుంది. ఆ ఫియొరెంటినాయే ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది. లీగ్‌లో మాత్రం ఆ ఏడు వాల్మియెరాదే పైచేయి. అంటే 36 మ్యాచ్‌ల కష్టానికి దక్కిన పేరు ఒకరికి, ఒక షూటౌట్‌తో వచ్చిన డబ్బు ఇంకొకరికి. ఇలాంటి లెక్కల మీద జీతాల ఒప్పందాలు రాసుకునే యజమాని వ్యాపారం చేస్తున్నట్టా, పందెం కాస్తున్నట్టా?

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. క్లబ్బులు పోతే పోనీ, కొత్తవి వస్తున్నాయి కదా, వచ్చినవి పాతవాటికంటే బాగా ఆడుతున్నాయి కదా అని. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. 2024-25లో ఆర్‌ఎఫ్‌ఎస్ ఇంకో మెట్టు పైకెక్కి యూరోపా లీగ్ ప్రధాన దశలో ఆడింది. గలతసరాయ్‌తో 2-2 డ్రా. 2025 జనవరిలో, గడ్డకట్టే చలిలో, రీగాలోనే అయాక్స్‌ను 1-0తో ఓడించింది. నాలుగుసార్లు యూరప్ ఛాంపియన్ అయిన అయాక్స్! లాత్వియా క్లబ్ ఫుట్‌బాల్‌లో ఇంతకన్నా గొప్ప రాత్రి మరొకటి ఉందంటే నమ్మడం కష్టం. అయినా ఈ వాదన ఒక పాత సంగతిని మరచిపోతుంది. ఇలాంటి గ్రూప్ దశకు చేరిన తొలి లాత్వియా క్లబ్బు ఆర్‌ఎఫ్‌ఎస్ కాదు. 2009లో వెంట్‌స్పిల్స్ యూరోపా లీగ్ గ్రూప్‌లో స్పోర్టింగ్ లిస్బన్, హెర్తా బెర్లిన్, హీరెన్‌వేన్‌ల సరసన ఆడింది. బెర్లిన్‌లో హెర్తాను 1-1 దగ్గర నిలువరించింది. అప్పుడూ కొత్త యుగం వచ్చేసిందనే అనుకున్నారు. ఆరు టైటిళ్లు గెలిచిన ఆ క్లబ్బు 2021లో చచ్చిపోయింది. 2018లో బోర్డోతో ఆడిన యూరోపా లీగ్ అర్హత మ్యాచ్‌కు సంబంధించి రిఫరీకి లంచం ఇవ్వజూపారన్న వ్యవహారంలో యూఏఫా ఆ క్లబ్బును ఏడేళ్లపాటు తన పోటీల నుంచి వెలివేసింది. యూరప్ డబ్బు మీద ఆశ తెగిపోగానే క్లబ్బు కూడా ఆగిపోయింది. యూరప్‌లో వచ్చే విజయం క్లబ్బు ఆరోగ్యానికి కొలమానమే అయితే వెంట్‌స్పిల్స్ ఇవాళ బతికి ఉండాలి.

వెంట్‌స్పిల్స్ సీజన్ మధ్యలో వెళ్లిపోవడం ఇంకో నష్టాన్నీ బయటపెట్టింది. ఒక జట్టు లేచిపోతే దాంతో ఆడిన మ్యాచ్‌లు, ఆడాల్సిన మ్యాచ్‌లు, గెలిచిన పాయింట్లు అన్నీ గందరగోళంలో పడతాయి. 10 జట్ల లీగ్‌లో మొత్తం మ్యాచ్‌లు 180. అందులో ప్రతి జట్టు వాటా 36. అంటే ఒక్క క్లబ్బు మధ్యలో మూతపడితే సీజన్‌లో అయిదో వంతు చెడిపోయినట్టే. వేసవిలో వానలో తడుస్తూ గెలిచిన మ్యాచ్ శరదృతువు వచ్చేసరికి లెక్కలోకే రాకపోవచ్చు. ఇలాంటి చోట్ల మ్యాచ్ ఫిక్సింగ్ కూడా సులువుగా చొరబడుతుంది. జీతం రాని ఆటగాడి బలహీనత, జనం చూడని మ్యాచ్‌లోని చీకటి, ఎక్కడో దూరాన కూర్చుని ఆ మ్యాచ్ మీదే పందెం కాసేవాళ్లు, మూడూ ఒకచోట కలుస్తాయి. 2009లో దినాబుర్గ్ అనే క్లబ్బును ఫిక్సింగ్ ఆరోపణల మీదే లీగ్ నుంచి గెంటేశారు. అలాంటి లీగ్ తన నుదుట బెట్టింగ్ కంపెనీ పేరు పెట్టుకోవడం కాస్త చేదుగానే అనిపిస్తుంది. వేరే స్పాన్సర్ ముందుకు రాలేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు గానీ.

రెండో అభ్యంతరం స్కోంటో పేరు మీద వస్తుంది. ఒకే చేతి డబ్బు చెడ్డదైతే లాత్వియా ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం ఎలా వచ్చిందని అడుగుతారు. నిజమే. ఒక్క మనిషి డబ్బు మీద నడిచిన స్కోంటో 1991 నుంచి 2004 దాకా వరసగా 14 టైటిళ్లు గెలిచింది. 1997లో బార్సిలోనా సొంత మైదానంలో రెండు గోల్స్ కొట్టి 3-2తో మాత్రమే ఓడింది. మారియన్స్ పాహర్స్‌ను సౌతాంప్టన్‌కూ, ఇగోర్స్ స్టెపనోవ్స్‌ను ఆర్సెనల్‌కూ పంపింది. దాని కోచ్ అలెక్సాండర్స్ స్టార్కోవ్స్ జాతీయ జట్టునూ నడిపాడు. ఆ జట్టు 2003 నవంబరులో టర్కీని ప్లేఆఫ్‌లో దాటి 2004 యూరో కప్‌కు చేరింది. టర్కీ అంతకు ఏడాది ముందే ప్రపంచ కప్‌లో మూడో స్థానంలో నిలిచిన జట్టు. పోర్చుగల్‌లో మారిస్ వెర్పకోవ్‌స్కిస్ గోల్‌తో చెక్ రిపబ్లిక్ మీద ముందంజ వేసి చివరికి 2-1తో ఓడినా, నాలుగు రోజులకే జర్మనీని 0-0తో కట్టిపడేసింది. ఇదంతా ఒక్క క్లబ్బు చుట్టూ అల్లుకున్న కథ. నేనంటున్నదీ అదే. పద్నాలుగేళ్లు ఒకడే గెలిచే లీగ్‌లో మిగతా ఊళ్లకు క్లబ్బు కట్టుకోవాలన్న ఆశ ఎక్కడ మిగులుతుంది? తరం మారింది, స్కోంటో బలం తగ్గింది, 2016లో దివాలా తీసింది. దాని స్థానంలో నిలబడే వ్యవస్థ ఏదీ అప్పటికి తయారు కాలేదు. జర్మనీని నిలువరించిన పద్నాలుగేళ్లకు, 2018 మార్చిలో, లాత్వియా జట్టు 1-0తో జిబ్రాల్టర్ చేతిలో ఓడింది. జిబ్రాల్టర్‌ది ముప్పై వేల పైచిలుకు జనాభా.

లియెపాయా అనుభవం కూడా ఇదే చెబుతుంది, కాకపోతే అక్కడ ఆ చెయ్యి మనిషిది కాదు, ఉక్కు కర్మాగారానిది. సముద్రతీరంలో పందొమ్మిదో శతాబ్దపు చివరి నుంచి పొగలు కక్కిన ఆ మిల్లు పేరే క్లబ్బు పేరు. స్కోంటో వరసను తెంచి 2005లో టైటిల్ కొట్టింది ఇదే, 2009లో మళ్లీ గెలిచింది. 2013లో మిల్లు దివాలా తీసింది, క్లబ్బు దాన్ని దాటి ఒక్క ఏడాది బతకలేదు. ఇక్కడ మాత్రం ఊరు ఊరుకోలేదు. 2014లో ఎఫ్‌కే లియెపాయా పేరుతో కొత్త క్లబ్బు లేచింది, మరుసటి ఏడే ఛాంపియన్ అయింది. మాయమవకుండా మిగిలిన ఆ మూడింటిలో ఇదొకటి కావడం నాకు కాకతాళీయంగా తోచదు. ఒక దెబ్బ తిన్న ఊరు కనుక క్లబ్బు తమదన్న పట్టుదల అక్కడ కాస్త ఎక్కువ.

ఇక అందరూ చెప్పే మాట: అంత చిన్న దేశంలో ఇంతకన్నా ఏం జరుగుతుంది? జనాభా 19 లక్షలకు లోపు. పైగా వాళ్ల ప్రాణం ఐస్ హాకీ. 2023 మేలో ప్రపంచ హాకీ పోటీల్లో కాంస్యం గెలిచిన రాత్రే పార్లమెంటు సమావేశమై మర్నాడు దేశమంతటికీ సెలవు ఇచ్చేసింది. ఫుట్‌బాల్‌కు అలాంటి మోజు లేదన్నది వాస్తవమే. కానీ ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షలైనా ఉండదు, చలీ తక్కువేం కాదు. రెయిక్యావిక్‌లోని కేఆర్ క్లబ్బు 1899లో పుట్టింది, ఈనాటికీ ఆడుతోంది. అక్కడ క్లబ్బంటే సభ్యుల సంఘం. ఫుట్‌బాల్‌తో పాటు ఇతర ఆటలూ అందులోనే, వీధి పిల్లలందరూ దాని శిక్షణలోనే, మునిసిపాలిటీ కట్టించిన ఇండోర్ మైదానంలోనే. 2016 యూరోలో ఇంగ్లండ్‌ను ఓడించింది ఆ పిల్లలే. ఐస్‌లాండ్ ధనిక దేశం కదా అంటారా, సరే, సరిహద్దుకు అవతలే ఉన్న ఎస్తోనియా సంగతి చూడండి. అదే సోవియట్ గతం, ఇంకా తక్కువ జనాభా. 1990లో పుట్టిన తాలిన్ ఫ్లోరా అప్పటి నుంచీ పై లీగ్ వదల్లేదు. దాని వెనకా ఒక బలమైన మనిషి ఉన్నాడు, కాదనను. అయితే ఆ క్లబ్బు కింద యువజట్ల అంచెలు ఎన్నో ఉన్నాయి. పై జట్టు తడబడినా కింది అంచెలు నిలిచే ఉంటాయి. తేడా దేశం సైజులో కన్నా క్లబ్బు కట్టుబడిలో ఎక్కువగా ఉంది.

లైసెన్స్ నిబంధనలు ఉన్నాయి కదా అన్నది చివరి సమాధానం. యూఏఫా చట్రం ప్రకారం ప్రతి దేశపు సమాఖ్యా సీజన్‌కు ముందు క్లబ్బుల ఖాతాలు చూస్తుంది. ఆటగాళ్లకు, సిబ్బందికి, పన్ను శాఖకు బకాయిలు లేవని రుజువు చూపాలి, మైదానం ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి, పిల్లల జట్లు ఉండాలి. వాల్మియెరా ఆగింది ఈ గడప దగ్గరే. నిబంధన పనిచేసిందని సంతోషించవచ్చు, నష్టం అప్పటికే జరిగిపోయింది గానీ. బకాయి పడిన తర్వాత తలుపు మూసే నిబంధన, బకాయి పడే తీరును ఆపదు. దాంతో ఇంకో వింత కూడా జరుగుతోంది. నవంబరులో పట్టిక అడుగున నిలిచిన జట్టు బహుశా మిగిలిపోవచ్చు, పైభాగంలో ఉన్న జట్టు చలికాలంలో కాగితాల దగ్గర పోవచ్చు. కింది అంచెకు ఎవరు దిగాలో మైదానం కన్నా ఆఫీసు గది ఎక్కువగా తేలుస్తోంది.

సమాఖ్య బకాయిలతో పాటు ఇంకో ప్రశ్న అడగొచ్చు: క్లబ్బు ఏడాది ఖర్చులో ఎంత శాతం ఒకే మూలం నుంచి వస్తోంది? అది ఒక హద్దు దాటితే, ఒకట్రెండు సీజన్ల జీతాలకు సరిపడా సొమ్ము ముందుగానే పూచీకత్తుగా కట్టించుకోవచ్చు. ఈ కొలతకు నిలిచే క్లబ్బు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. రీగాలోనే ఎఫ్‌ఎస్ మెట్టా ఉంది. అది ముందు పిల్లల ఫుట్‌బాల్ బడి, ఆ తర్వాతే క్లబ్బు. ఎక్కువగా తన బడిలో తయారైన కుర్రాళ్లతోనే ఏళ్ల తరబడి పై లీగ్‌లో ఆడింది, పట్టిక అడుగు భాగంలోనే కొట్టుమిట్టాడింది, టైటిల్ ఊసే ఎత్తలేదు. దౌగవా, స్పార్టాక్స్, వాల్మియెరా కప్పులు ఎత్తి కనుమరుగైన కాలమంతా ఓడుతూ ఓడుతూనే ఆడుతూ వచ్చింది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ పరీక్ష పెడితే మెట్టా లాంటి క్లబ్బు సులువుగా గట్టెక్కుతుంది, అయాక్స్‌ను ఓడించిన క్లబ్బుకు మాత్రం చెమటలు పట్టవచ్చు. యూరప్‌లో దేశం పేరు నిలబెట్టేవాళ్లకే అడ్డుపడే నియమాన్ని ఏ సమాఖ్య మాత్రం ఇష్టపడి రాసుకుంటుంది?